ప్రార్థనే పునాది అంటున్నారు, ఎవరి ప్రార్థన?

కోల్‌కతాలో ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డు మీద 54ఏ నంబరు భవనాన్ని అందరూ మదర్ హౌస్ అంటారు. 1997 సెప్టెంబరు 5న చనిపోయిన మదర్ థెరిసా సమాధి అక్కడే ఉంది. ప్రతి ఏటా ఆ రోజున అక్కడ పూజ, పాటలు, కొవ్వొత్తులు. ఐక్యరాజ్యసమితి 2012లో ఆ తేదీని అంతర్జాతీయ దాతృత్వ దినంగా ప్రకటించింది కాబట్టి నగరంలో సదస్సులు కూడా జరుగుతుంటాయి. అలాంటి ఒక సదస్సులో నేను వెనక వరసలో కూర్చున్నాను. మాట్లాడినవాళ్లంతా తిరిగి తిరిగి ఒకే మాట దగ్గరకు వచ్చారు: క్రైస్తవ సేవకు ప్రార్థనే పునాది. ప్రశ్నల వేళ లేచి అడిగాను: "ఎవరి ప్రార్థన? సేవ చేసేవారిదా, సేవ పొందేవారిదా?" వేదిక మీది పెద్దమనిషి నవ్వి, టీ చల్లారిపోతోందన్నారు. నా ప్రశ్న మాత్రం చల్లారలేదు. ఈ వ్యాసం దాని కోసమే.

నేను కనిగిరి వైపు మాదిగవాడ నుంచి వచ్చిన ఆడపిల్లని. కోల్‌కతాలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ఇంట్లో పొద్దున కాఫీ ఉన్నా లేకపోయినా కుటుంబ ప్రార్థన ఉండేది. మా నాన్న సర్టిఫికెట్‌లో ఎస్సీ అని ఉంటుంది, ఆయన సొంత అన్న సర్టిఫికెట్‌లో బీసీ-సీ అని ఉంటుంది. ఒకే తల్లి బిడ్డలు, ఒకే గుడిసెలో పెరిగారు, ఒకే చర్చిలో చాప మీద కూర్చున్నారు. నా సర్టిఫికెట్‌లో ఏముందో ఇక్కడ రాయను. ఎందుకు రాయలేనో వ్యాసం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

వాళ్లు చెప్పేది ముందు సరిగ్గా విందాం

విమర్శించే ముందు ఎదుటివారి వాదాన్ని దాని బలంతో సహా చెప్పడం మన బాధ్యత. మిషనరీస్ ఆఫ్ ఛారిటీ సభకు 1950 అక్టోబరు 7న రోమ్ అనుమతి వచ్చింది. మిగతా మఠాల్లో పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు వ్రతాలుంటే, ఈ సిస్టర్లకు నాలుగోది కూడా ఉంది: నిరుపేదల్లో నిరుపేదలకు ఏమీ ఆశించకుండా సేవ చేయడం. తెల్లవారకముందే లేచి ప్రార్థన, దివ్యపూజ ముగించాకే వీధిలోకి అడుగు పెడతారు. 1973 నుంచి రోజూ ఒక గంట దివ్యసత్ప్రసాద ఆరాధన చేర్చారు. పని పెరిగిపోతుంటే ప్రార్థన తగ్గించుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది, వాళ్లు పెంచుకున్నారు. 1979లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నప్పుడు మదర్ థెరిసా తన ప్రసంగంలో ఇదే చెప్పారు: జనం మమ్మల్ని సంఘసేవకులనుకుంటారు, కానీ మేం లోకం నడిబొడ్డున ధ్యానంలో ఉన్నవాళ్లం అని ఆ మాటల సారం. వాళ్ల ప్రతి ప్రార్థనా మందిరంలోనూ సిలువ పక్కన, చనిపోయేముందు యేసు దాహం గురించి పలికిన మాట రాసి ఉంటుంది. పేదవాడి దాహంలో క్రీస్తు దాహాన్ని చూడాలి, అందుకు కళ్లు కావాలి, ఆ కళ్లు ప్రార్థన నుంచే వస్తాయి. వాదం ఇదీ.

ఈ వాదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 1952లో కాళీ ఆలయం పక్కన, నగరపాలక సంస్థ ఇచ్చిన పాత యాత్రికుల సత్రంలో నిర్మల్ హృదయ్ మొదలైంది. వీధిలో పుళ్లు పడి, చీమలు పట్టిన దేహాలను ఆ సిస్టర్లు ఎత్తుకొచ్చి కడిగారు. ముట్టుకోవడమే నేరమైన దేశంలో ముట్టుకోవడం చిన్న విషయం కాదు.

కానీ అదే కాళీఘాట్‌కు దగ్గర్లో కేవ్‌రాతలా శ్మశానం ఉంది. కోల్‌కతా శ్మశానాల్లో డోములు తరతరాలుగా చనిపోయినవారిని ముట్టుకుంటూనే ఉన్నారు. మురికివాడల్లో, రైలు పట్టాల మీద, ఆసుపత్రి శవాగారాల్లో ఎవరూ ముట్టని దేహాన్ని ముట్టుకునేది ఈ నగరంలో ఎప్పుడూ వాళ్లే. ముట్టుకున్నందుకు ఒకరు పునీతులయ్యారు. ముట్టుకున్నందుకు మరొకరు అంటరానివారయ్యారు. చేతులు చేసిన పని దాదాపు ఒకటే. ఆ చేతుల వెనక ఉన్న పుట్టుకను బట్టి లోకం వేరు వేరు పేర్లు పెట్టింది. ప్రార్థన విషయంలోనూ సరిగ్గా ఇదే జరిగిందని నా వాదన.

మాది వాళ్ల విమర్శ కాదు

మదర్ థెరిసాను విమర్శించేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల వరసలో నన్ను నిలబెట్టకముందే కొన్ని గీతలు గీయాలి.

మొదటి గీత హిందుత్వకు. 2015లో ఆర్‌ఎస్‌ఎస్ అధినేత మోహన్ భాగవత్ ఆమె సేవ వెనక మతమార్పిడి ఉద్దేశం ఉందన్నారు. 2021 క్రిస్మస్ రోజున మిషనరీస్ ఆఫ్ ఛారిటీ విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణను కేంద్రం తిరస్కరించింది, గొడవయ్యాక కొత్త ఏడాది మొదట్లో తిరిగి ఇచ్చింది. 2008లో కంధమాల్‌లో ప్రార్థన మందిరాలను తగలబెట్టింది ఈ భావజాలమే. అక్కడ కాలిన ఇళ్లలో ఎక్కువ భాగం పాణో దళితులవి. దళితుడు మోకరించడమే వాళ్లకు కోపం. ఎవరి ముందు మోకరించాడన్నది తర్వాతి సంగతి. వాళ్లతో మనకు ఒక్క వాక్యం కూడా ఉమ్మడిగా లేదు.

రెండో గీత పాశ్చాత్య హేతువాదానికి, కోల్‌కతా భద్రలోకానికి. క్రిస్టఫర్ హిచెన్స్ 1995లో రాసిన పుస్తకం, ఆ తర్వాత వచ్చిన అరూప్ ఛటర్జీ పుస్తకం అడిగిన ప్రశ్నల్లో విలువైనవి ఉన్నాయి: డబ్బు లెక్కలు, వైద్యం నాణ్యత, నియంతలతో స్నేహాలు. కానీ భద్రలోకం బాధ వేరు. మా నగరాన్ని ప్రపంచం ముందు మురికికూపంగా చూపించారన్నది వాళ్ల ఫిర్యాదు. ఆ వీధుల్లో చనిపోతున్నవాళ్లు ఎవరు, ఏ ఊళ్ల నుంచి, ఏ కులాల నుంచి వచ్చారన్న ప్రశ్న ఆ ఫిర్యాదులో వినిపించదు. బెంగాల్‌లో కులం లేదన్నది వాళ్ల మతం, దానికి ఏ ప్రార్థనా అక్కర్లేదు.

1943 కరువు బెంగాల్‌లో లక్షలమందిని చంపింది. అమర్త్యసేన్ 1981లో చూపించినట్టు, చనిపోయినవాళ్లలో ముందు వరసలో ఉన్నది వ్యవసాయ కూలీలు, జాలర్లు. ఆ వృత్తుల వెనక కులాలు లేవని ఎవరనగలరు? ఇక 1979. డిసెంబరులో ఓస్లో ఈ నగరాన్ని కరుణకు రాజధానిగా కీర్తించిన ఆ ఏడాదే, జనవరిలో వామపక్ష ప్రభుత్వం సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాంపి దీవిని దిగ్బంధించింది. దండకారణ్యం నుంచి తిరిగి వచ్చిన నామశూద్ర శరణార్థులకు తిండీ నీళ్లూ అందకుండా చేసింది. మే నెలకల్లా దీవిని ఖాళీ చేయించింది. ఒకే రాష్ట్రం, ఒకే సంవత్సరం. కోల్‌కతా కరుణ చరిత్ర రాసేవాళ్లు ఈ రెండు తేదీలను ఒకే పేజీలో ఎందుకు పెట్టరు?

1946, 1950: రెండు ప్రయాణాలు, రెండు కాగితాలు

ఈ నగరంలో 1946 ఎండాకాలం దాటాక మూడు నెలల్లో మూడు సంఘటనలు జరిగాయి. జులైలో జోగేంద్రనాథ్ మండల్, బెంగాల్ షెడ్యూల్డ్ కులాల శాసనసభ్యులు కలిసి బాబాసాహెబ్ అంబేడ్కర్‌ను ఇక్కడి నుంచి రాజ్యాంగసభకు గెలిపించారు. బొంబాయిలో మూసుకున్న తలుపు కలకత్తాలో తెరుచుకుంది. ఆగస్టు 16న మతకల్లోలం మొదలై వీధులు శవాలతో నిండాయి. సెప్టెంబరు 10న లొరెటో మఠంలో టీచరుగా ఉన్న ఒక సిస్టర్ డార్జిలింగ్ వెళ్లే రైల్లో, పేదల మధ్యకు వెళ్లమన్న పిలుపు విన్నారు.

అదే కరువు, అదే రక్తం, అదే నగరం. ఇద్దరూ ఆ దుఃఖానికే జవాబు ఇచ్చారు. ఒకరు ఈ మనిషి ఎందుకు వీధిన పడ్డాడని అడిగి ఢిల్లీ వెళ్లారు. మరొకరు ఈ మనిషిలో క్రీస్తు ఉన్నాడని నమ్మి వీధిలోకి వెళ్లారు. రెండో పని అవసరం లేదని నేననను. ప్రాణం పోతున్నవాడికి రాజ్యాంగం చదివి వినిపించలేం. కానీ రెండో దాన్ని మొదటిదాని స్థానంలో కూర్చోబెట్టడం దగ్గర నాకు పేచీ ఉంది.

1950లో రెండు కాగితాలు వచ్చాయి. అక్టోబరు 7న రోమ్ నుంచి వచ్చిన కాగితం సంగతి పైన చెప్పాను. దానికి రెండు నెలల ముందు, ఆగస్టు 10న, రాష్ట్రపతి పేరు మీద షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వచ్చింది. దాని మూడో పేరా ప్రకారం హిందూమతం కాక వేరే మతం పాటించేవాళ్లు షెడ్యూల్డ్ కులాల వాళ్లు కారు. పంజాబ్‌లోని కొన్ని సిక్కు కులాలకే అప్పట్లో మినహాయింపు. 1956లో సిక్కులందరినీ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. బాబాసాహెబ్ వెంట బౌద్ధంలోకి నడిచినవాళ్లు కూడా 34 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు ఇవాళ్టికీ గుమ్మం బయటే ఉన్నారు.

ఒక కాగితం ప్రార్థనను సేవకు పునాది చేసింది. ఇంకో కాగితం అదే ప్రార్థనను హక్కు పోవడానికి కారణం చేసింది.

ప్రార్థన సాక్ష్యంగా మారే చోటు

ఇది మాటల గారడీ కాదు, కోర్టు రికార్డు. సూసై అనే చెప్పులు కుట్టే మనిషి కేసు చూడండి. మద్రాసులో రోడ్డు పక్కన కూర్చుని చెప్పులు కుట్టే షెడ్యూల్డ్ కులాల వాళ్లకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. సూసైకి ఇవ్వలేదు, క్రైస్తవుడు కాబట్టి. 1985లో సుప్రీంకోర్టు తేల్చింది ఏమిటంటే, క్రైస్తవంలోకి వెళ్లాక కూడా అంతే తీవ్రమైన వెనుకబాటు కొనసాగుతోందని నిరూపించాలి, అది నిరూపణ కాలేదు. అదే రోడ్డు, అదే ఎండ, అదే తోలు. ఆదివారం ఎక్కడికి వెళ్తాడన్నది ఒక్కటే తేడా.

2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు, ఆమె క్రమం తప్పకుండా చర్చికి వెళ్లడాన్ని గుర్తించి, రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తీర్పు చెప్పింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక పాస్టర్ కేసు వచ్చింది. కులం పేరుతో తిట్టి కొట్టారని ఆయన ఫిర్యాదు. ఏళ్ల తరబడి ప్రార్థనలు నడుపుతున్న వ్యక్తి షెడ్యూల్డ్ కులానికి చెందడని, అట్రాసిటీ చట్టం ఆయనకు వర్తించదని కోర్టు కేసు కొట్టేసింది. తిట్టేవాడు ముందు బాప్తిస్మం పత్రం అడిగి ఆ తర్వాత తిట్టడు. చట్టం మాత్రం అడుగుతుంది.

ఆంధ్రలోనూ తెలంగాణలోనూ క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలకు, వాళ్ల సంతానానికి బీసీ-సీ కింద 1 శాతం ఉంది. మా పెదనాన్న నిజం చెప్పి ఆ ఒక్క శాతంలోకి వెళ్లాడు. మా నాన్న పేపర్ల మీద నోరు మూసుకున్నాడు. ఇద్దరిలో ఎవరూ మోసగాడు కాదు. తమ్ముడు దేవుణ్ని దాచుకోవాల్సి వచ్చింది, అన్న కులాన్ని పోగొట్టుకోవాల్సి వచ్చింది, కులం చేసే అవమానాన్ని మాత్రం ఇద్దరూ సమానంగా మోశారు. నేను ఈ వ్యాసంలో ఏ గడిలో టిక్ పెడతానో రాయకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు సదస్సు వేదిక మీది మాట మళ్లీ వినండి: ప్రార్థనే పునాది. ఒకరి ప్రార్థనకు 2016లో రోమ్‌లో పునీత పట్టం. ఇంకొకరి ప్రార్థనకు తహసీల్దారు ఆఫీసులో నోటీసు.

ఈ రెండు ప్రార్థనలూ ఒకసారి ఎదురుపడ్డాయి. 1995 నవంబరులో ఢిల్లీలో, దళిత క్రైస్తవుల సమాన హక్కుల కోసం జరిగిన కార్యక్రమానికి మదర్ థెరిసా వచ్చారు. హిందుత్వ శిబిరం విరుచుకుపడింది. ఆ తర్వాత వచ్చిన వివరణ సారాంశం: ఆమె ప్రార్థన కోసమే వచ్చారు, రిజర్వేషన్ల కోసం కాదు. ఆవిడ ఉద్దేశాన్ని నేను తూకం వేయడం లేదు. ఆ వయసులో, ఆ ఒత్తిడిలో ఎవరేం చెప్పారన్నది కూడా నాకు ముఖ్యం కాదు. ప్రార్థన అన్న మాట అక్కడ చేసిన పని ముఖ్యం. మాతో నిలబడటానికి పునాది కావలసిన ప్రార్థన, మా నుంచి తప్పుకోవడానికి తలుపైంది.

బాధను అర్పించమనడం, బాధకు కారణం అడగడం

బాధపడేవాళ్ల ప్రార్థనకు మదర్ హౌస్ వ్యవస్థలో చోటు లేదనడం అన్యాయం. ఉంది. 1950ల్లో జాక్వెలిన్ డి డెకర్ అనే బెల్జియం మహిళ, అనారోగ్యం వల్ల సిస్టరుగా చేరలేక, బాధితులైన సహ సేవకుల బృందాన్ని నడిపారు. మంచం పట్టిన ఒక్కొక్కరు ఒక్కొక్క సిస్టరును ఆత్మీయంగా దత్తత తీసుకుని, తమ నొప్పినీ ప్రార్థననూ ఆ సిస్టరు పని కోసం అర్పిస్తారు. గొప్ప ఊహే. కానీ ఇక్కడ బాధితుడి ప్రార్థనకు ఇచ్చిన పని ఏమిటి? నొప్పిని అర్పించడం. నొప్పి ఎందుకొచ్చిందని అడగడం ఆ పనిలో లేదు.

బాబాసాహెబ్ సరిగ్గా ఇక్కడే వేలు పెట్టారు. ఆయన రచనల ఐదో సంపుటిలో క్రైస్తవం గురించిన వ్యాసాలున్నాయి. మిషన్ల బడులు, ఆసుపత్రుల మేలును ఆయన కాదనలేదు. అయితే ఆ మేలులో పెద్ద వాటా సవర్ణ హిందువులకే దక్కిందన్నారు. మనిషి పతనానికి కారణం పాపమని చెప్పే బోధ, అతని చుట్టూ ఉన్న సమాజాన్ని ప్రశ్నించే అవసరాన్ని తొలగిస్తుందన్నారు. కన్వర్టు తనకు జరిగే అన్యాయం మీద ఎందుకు ఉద్యమించడు అని అడిగారు. పరిశోధన విద్యార్థులు ఈ వ్యాసాలను మతమార్పిడి చర్చలో మాత్రమే చదువుతున్నారు. సేవ అనే మాట మీద ఇంతకన్నా పదునైన విమర్శ నేను చదవలేదు.

ప్రార్థన దానికదే మంచి సేవకు హామీ కాదనడానికి ఉదాహరణలు క్రైస్తవం లోపలే ఉన్నాయి. 1994లో వైద్య పత్రిక లాన్సెట్ సంపాదకుడు రాబిన్ ఫాక్స్ కాళీఘాట్ చూసి, బలమైన నొప్పి మందులు లేవని రాశారు. మన దేశంలో 1985 చట్టం తర్వాత మార్ఫిన్ దొరకడమే కష్టమైందన్నది నిజం, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. అయినా అంతకు ముందే, 1967లో, సిసిలీ సాండర్స్ లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. ఆమె కూడా గాఢమైన క్రైస్తవ విశ్వాసే. ఆమె ప్రార్థన ఆమెను మార్ఫిన్ మోతాదుల దగ్గరకు, నొప్పిని కొలిచే పరిశోధన దగ్గరకు నడిపింది. ఇదే కలకత్తాలో, ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో, మిషనరీ డాక్టరు ఎర్నెస్ట్ మ్యూర్ 1920ల్లో కుష్టు వైద్యం మీద పరిశోధన నడిపారు. ఆయన పద్ధతులతో సంబంధమున్న చాల్‌మూగ్రా నూనె చికిత్సను మన డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ రోగులకు అందించారు. వీళ్లంతా మోకరించినవాళ్లే. లేచాక ఏ ప్రశ్న వేశారన్నదే వాళ్లను వేరు చేసింది.

ఒంగోలు కొండ చెప్పే సంగతి

ప్రార్థనే పునాది అన్న మాటకు తెలుగు నేల మీద ఇంకా పాత చరిత్ర ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కన కొండెక్కి ప్రార్థించారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. మిషన్ చరిత్రలన్నీ అక్కడ మొదలవుతాయి. నా చదువు నన్ను కొండ దిగి పల్లెల్లోకి తీసుకెళ్లింది.

1860ల్లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి, తనంతట తాను దేవుణ్ని వెతుక్కుంటూ యోగుల దగ్గర కూర్చుని, ఆ తర్వాత క్రీస్తు దగ్గరకు వచ్చాడు. మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు ప్రాంతానికి పశ్చిమాన ఉన్న పల్లెల్లో అడుగు పెట్టేసరికే పేరయ్య అక్కడ జనాన్ని సిద్ధం చేసి ఉన్నాడు. చేరినవాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లు మూడు: విగ్రహాలకు మొక్కం, చచ్చిన గొడ్డు మాంసం తినం, ఆదివారం పని చేయం. ఈ మూడోది మళ్లీ చదవండి. వెట్టి చాకిరీలో ఉన్న మాదిగ వారానికో రోజు పనికి రానన్నాడు. జాతర్లలో డప్పు కొట్టనన్నాడు. ఊరి పెద్దలు కట్టుబాటు పెట్టి ఏడిపించారు. ఆ ఆదివారపు ప్రార్థన ఏ సేవకుడి ధ్యానమూ కాదు. అది సమ్మె.

1876-78 కరువు వచ్చింది. క్లౌ చేతిలో సర్వే విద్య ఉంది. బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. మాదిగలు, మాలలు అక్కడ గంజి కోసం చేయి చాచలేదు, పలుగూ పారా పట్టి కూలి తీసుకున్నారు. తెలిసిన తమ పెద్దల కింద, తిట్లు లేకుండా పని చేశారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపాడు. కరువు తీరాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కల్యాణరావు 'అంటరాని వసంతం'లో ఈ కాలవ పనుల జాడ ఉంది. ఇదంతా స్వర్ణయుగమని నేననను. క్లౌ తెల్లదొరల ప్రభుత్వం దగ్గర కాంట్రాక్టరే. మిషన్ కాంపౌండులో పెత్తనం ఉంది, ఆ పెత్తనం మీద మన పెద్దలు చెప్పిన కథలూ ఉన్నాయి. కానీ పునాది ఎవరిదో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ముందు ప్రార్థించింది, ముందు నిరాకరించింది, దెబ్బలు తిన్నది మాదిగ పల్లె. మిషన్ దాని మీద కట్టుకుంది.

తెలుగువాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. 1941లో జాషువా 'గబ్బిలం'లో గుడిలోకి రానివ్వని మనిషి గబ్బిలంతో శివుడికి కబురు పంపాడు. అది అర్జీ, ఫిర్యాదు, నిలదీత. మా అమ్మల ప్రార్థన ఆ జాతిదే. బైబిల్లో కూడా చూడండి. ఐగుప్తులో బానిసల మొర విన్న దేవుడు చనిపోతున్నవాళ్లకు ఆశ్రమం కట్టలేదు, మోషేను ఫరో దగ్గరకు పంపాడు. విసుగు లేకుండా ప్రార్థించాలని చెప్పడానికి యేసు ఎంచుకున్న ఉపమానంలో ఒక విధవరాలు అన్యాయస్థుడైన జడ్జి గుమ్మం దగ్గర న్యాయం కోసం మొండిగా నిలబడుతుంది.

మనలో మనం

అంబేడ్కరైట్ మిత్రులు ఇక్కడ నన్ను ఆపుతారు. 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ ప్రార్థన మీద నమ్మకం పురోహితుణ్ని పుట్టించిందని, పురోహితుడు సమ్యక్ దృష్టిని నాశనం చేశాడని చెప్పారు కదా అంటారు. చెప్పారు. ఆ హెచ్చరిక మా పాస్టర్లకు, మా బిషప్పులకు, నాకు కూడా వర్తిస్తుంది. స్వస్థత సభల వ్యాపారం చూసినప్పుడల్లా ఆ పేజీ నాకు గుర్తొస్తుంది. కానీ నేను ఇక్కడ దేవుడున్నాడని రుజువు చేయడానికి కూర్చోలేదు. మన వాడల్లో లక్షలమంది ప్రార్థిస్తున్నారు. ఆ ప్రార్థన వాళ్ల హక్కుల్ని తీసేయడానికి సాక్ష్యం అవుతోంది. బౌద్ధుడైనా, నాస్తికుడైనా, అంబేడ్కరైట్ నిలబడాల్సిన చోటు ఇదే. క్రిప్టో క్రైస్తవులన్న ఎగతాళి మాట మన నోట రాకూడదు. ఆ మాట హిందుత్వ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది.

చర్చి సేవాసంస్థలకు నా డిమాండ్లు సూటిగా చెబుతాను. కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానం ప్రకటించి, చర్చి లోపల అంటరానితనం ఉందని ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని దేశంలో తొలి దళిత కార్డినల్ అయ్యారు. మంచిదే. ఇప్పుడు కోల్‌కతా నుంచి విజయవాడ దాకా ఉన్న ప్రతి క్రైస్తవ సేవాసంస్థ తన నిర్ణయాలు తీసుకునే స్థానాల్లో ఎవరున్నారో కులాల వారీగా బయట పెట్టాలి. వాళ్ల ఆశ్రమాల గుమ్మం ముందు పడిపోయినవాళ్లు ఏ కులాల నుంచి, ఏ కారణాల వల్ల వచ్చారో పేర్లు లేకుండా రికార్డు చేసి పరిశోధకులకు అందుబాటులో ఉంచాలి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో సంబంధం లేకుండా ఎస్సీ హోదా ఇవ్వమని చెప్పింది. 2022లో కె.జి.బాలకృష్ణన్ కమిషన్ వేసి గడువు మీద గడువు పొడిగించారు. ఈ విషయంలో మీ సంస్థలు ప్రార్థన కోసమే వచ్చామని చెప్పి వెనక్కి తగ్గకుండా, బహిరంగంగా, మీ పేరు మీద నిలబడాలి. అప్పుడు మీ ప్రార్థన పునాది అని నేను కూడా రాస్తాను.

రాత్రి పది గంటలకు మా అమ్మ ఫోన్ చేస్తుంది. మాట్లాడటం అయిపోయాక, పెట్టేయకుండా ప్రార్థన చేస్తుంది. ఆ ప్రార్థనలో ఓర్పు ఇమ్మని ఎప్పుడూ అడగదు. నా ఫెలోషిప్ ఆగకుండా రావాలని, చెల్లెలికి సర్టిఫికెట్ సమయానికి దొరకాలని, పొలం గట్టు దగ్గర పెదనాన్నను తిట్టినవాడి మీద కేసు నిలవాలని పేరు పేరునా అడుగుతుంది. ఏది ఎవరి దగ్గర ఆగిందో కూడా దేవుడికి చెబుతుంది. ఆమెన్ అన్నాక నా చేత జై భీమ్ అనిపిస్తుంది.

పునాది కోసం వెతికేవాళ్లు ఆ ఫోను దగ్గర చెవి పెట్టి వినాలి.

జై భీమ్.